వేషం ఒక్కటే చాలదు: బహుభాషా రంగస్థలం, బాలబాలికల విద్య

భిన్న భాషల వారు, భిన్న కులమతాల వారు కలిసి బతికే దేశంలో ఆ కలిసి బతకటాన్ని పిల్లలకు నేర్పటానికి నాటకం, నృత్యం మంచి సాధనాలన్న మాట విద్యారంగంలో బాగా స్థిరపడింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సంగీత నృత్య నాటకాలను చదువులో భాగం చేయాలన్నది. 2015లో పాఠశాల విద్యార్థుల కోసం 'కళా ఉత్సవ్' మొదలయింది. ఆ సంవత్సరమే 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' అన్న పథకాన్ని ప్రకటించారు. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య ప్రతి విద్యార్థీ భారతీయ భాషలను గురించిన ఒక ప్రాజెక్టులో పాల్గొనాలని సూచించింది. ఈ ఆశయాలతో మాకు పేచీ లేదు. వేదిక మీద మనం చూపిస్తున్నదేమిటి, దాని నుంచి పిల్లలు నిజంగా నేర్చుకుంటున్నదేమిటి అన్నది విడిగా పరిశీలించవలసిన విషయం. ఈ రెండూ ఒకటే అని ముందుగానే అనుకోవటం వల్ల మంచి సాధనం ఒకటి మన చేతిలో మొద్దుబారుతున్నదని మా అభిప్రాయం.

తెలుగు రంగస్థల సంప్రదాయాలలో ఈ విషయానికి పనికివచ్చే సామగ్రి చాలా ఉన్నది. అందులో ఎక్కువ భాగం ఆంధ్ర, తెలంగాణ సరిహద్దుల అవతల, మన పత్రిక పాఠకులు నివసించే ప్రాంతాలలో పుట్టిందే. ఆ సామగ్రిని ముందు పెట్టుకుని నేటి పాఠశాల వేదికను విమర్శించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ సంప్రదాయాల లోపాలను కూడా దాచకుండా చెప్పదలచాము.

వార్షికోత్సవ వేదిక

'భిన్నత్వంలో ఏకత్వం' అన్న అంశం లేని పాఠశాల వార్షికోత్సవం అరుదు. దాని స్వరూపం దాదాపు అన్నిచోట్లా ఒక్కటే. పంజాబుకు భాంగ్రా, గుజరాత్‌కు గర్బా, రాజస్థాన్‌కు ఘూమర్, అస్సాంకు బిహూ, తెలుగువారికి కూచిపూడి లేదా లంబాడీ నృత్యం. ఒక్కొక్కదానికి రెండు మూడు నిమిషాలు. చివర అందరూ ఒకే వరుసలో నిలబడతారు. మధ్యలో జెండా. చప్పట్లు.

ఇందులో మంచి లేదని మేము అనము. తనది కాని తాళానికి అడుగు కలపటం పిల్లల ఒంటికి ఒక కొత్త చదువు. తరగతిలో నోరు విప్పని పిల్ల వేదిక మీద తలెత్తి నిలబడటం చిన్న విషయం కాదు. అయితే ఈ పద్ధతి మూడు విషయాలను, ఎవరూ ఉద్దేశించకపోయినా, పిల్లల మనసులో నాటుతున్నది.

మొదటిది, ఒక రాష్ట్రానికి ఒక జనం, ఒక భాష, ఒక దుస్తు అన్న భావం. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ పటానికి రంగులు వేసి నిలబెట్టినట్లుంటుంది ఈ ప్రదర్శన. అందులో తమిళనాడు తెలుగువారికి చోటు లేదు. తంజావూరు మరాఠీలకు లేదు. శ్రీకాకుళం ఒడియావారికి, బరంపురం తెలుగువారికి, షోలాపూరు పద్మశాలీలకు లేదు. సరిహద్దుకు ఈవల స్థిరపడిన జనం ఆ పటంలో కనిపించరు. తన ఇల్లు ఏ గడిలోనూ ఇమడని పిల్లవాడు ఆ వేదిక మీద ఏ దుస్తు వేసుకోవాలి?

రెండవది, ఎవరి మాటా వినిపించకపోవటం. పాట రికార్డు మీద వస్తుంది. నాట్యం చేసేవారికి దాని అర్థం తెలియదు, చూసేవారికీ తెలియదు. భిన్నత్వం కంటికి కనిపిస్తుంది గాని చెవికి చేరదు. భాష కన్న పెద్ద భేదం లేని మన దేశంలో భాషను పక్కన పెట్టి భేదాన్ని బోధించటం విచిత్రమే.

మూడవది, దూరపు భేదం మీద మోజు, దగ్గరి భేదం పట్ల ఉదాసీనత. 'ఏక్ భారత్' పథకంలో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబును, తెలంగాణకు హర్యానాను జత కలిపారు. పంజాబు గురించి తెలుసుకోవటం మంచిదే. కాని చిత్తూరు బడిలో భాంగ్రా నేర్చుకునే పిల్లకు పక్క బల్ల మీది తమిళ పిల్ల ఇంట్లో ఏమి మాట్లాడుతుందో తెలియదు. ఆదోనిలో అదే బల్ల మీద కన్నడం, ఉర్దూ ఉంటాయి. పంజాబుతో ఆ పిల్లకు తగవు రాదు. తగవు వచ్చేదీ, స్నేహం కుదరవలసిందీ పక్క బల్లతోనే.

తంజావూరు నేర్పే పాఠం

భేదాన్ని మాటగా వేదిక మీదికి తెచ్చిన ఉదాహరణ మనకు 300 ఏళ్ళ కిందటే ఉన్నది. తంజావూరును 1684 నుంచి 1712 వరకు ఏలిన శాహజీ మహారాజు 'పంచభాషా విలాసం' అన్న నాటకం రచించాడు. భిన్న దేశాల నాయికలు ఒకే నాయకుణ్ణి వలచటం ఇతివృత్తం. సంస్కృతం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందుస్తానీ, ఈ ఐదు భాషలూ నాటకంలో వినిపిస్తాయి. నాయికలు ఎవరి భాషలో వారు మాట్లాడతారు. ఒకరి మాటను మరొక భాషలోకి మార్చి అప్పజెప్పటం ఉండదు.

ఈ రచన వెనుక ఉన్న సమాజాన్ని గుర్తు చేసుకోవాలి. రాజు ఇంటి భాష మరాఠీ. ఊరి భాష తమిళం. నాయక రాజుల కాలం నుంచి ఆస్థాన సాహిత్యానికి, సంగీతానికి తెలుగే వాహకం. పండితులకు సంస్కృతం ఉన్నది. ఉత్తరాది నుంచి వచ్చే సైనికులు, వర్తకులు హిందుస్తానీ మాట్లాడేవారు. ఐదు భాషలూ ఆ ఊరి వీధుల్లో అప్పటికే ఉన్నాయి. శాహజీ చేసినది వాటిని వేదిక మీదికి పిలవటం. తిరువారూరు త్యాగేశుని మీద 'పల్లకీసేవా ప్రబంధం' తెలుగులో రాసిన మరాఠీ రాజుకు ఇది సహజమైన పనే.

అయితే విమర్శకుడు ఇక్కడ ఆగకూడదు. ఐదు భాషల నాయికలూ చివరికి ఒక్క నాయకుని చుట్టూ చేరతారు. భిన్న దేశాలన్నీ ఒక్క ప్రభువును వలచాయన్నది ఆస్థానానికి ఇంపైన కల్పన. మన వార్షికోత్సవం చివరి వరుసకూ ఈ ముగింపుకూ పోలిక లేకపోలేదు. తేడా ఒకటి ఉన్నది. శాహజీ నాటకంలో ఆ ముగింపుకు చేరేలోపు ప్రతి నాయికా నోరు తెరిచి తన మాట తాను చెప్పుకుంటుంది. మన వేదిక మీద ఆ అవకాశం కూడా లేదు.

శాహజీ తర్వాత శతాబ్దం గడిచాక అదే సింహాసనం మీద కూర్చున్న రెండవ శరభోజి (1798–1832) నాటకాన్ని పాఠంగా మార్చాడు. 'దేవేంద్ర కురవంజి' మరాఠీ రచన. సోది చెప్పే కురత్తి ఊళ్ళు తిరిగి కొండలను, నదులను వర్ణించటం కురవంజి సంప్రదాయం. శరభోజి ఆ వర్ణనను ప్రపంచ భూగోళం వరకు పొడిగించాడు. ఖండాలూ దేశాలూ పాటలో వస్తాయి. తంజావూరులో కొత్త చదువుల పాఠశాలలు నెలకొల్పిన రాజు ఆయన. పాత రూపానికి కొత్త విషయాన్ని ఎక్కించాలంటే ఆ రూపంలోనే దానికి తగిన చోటు వెతకాలన్న సూత్రం ఇక్కడ కనిపిస్తుంది. దేశాలు తిరిగిన పాత్ర నోట భూగోళం పలికించటంలో బలవంతం లేదు. నేడు 'సామాజిక సందేశం' అన్న పేరుతో నృత్య నాటికలకు అతికించే ఉపన్యాసాలలో లోపించినది ఈ వివేకమే.

మెలట్టూరు అభ్యాసం

తంజావూరుకు సమీపంలోని మెలట్టూరులో ఏటా నరసింహ జయంతి రోజులలో వరదరాజ స్వామి కోవెల ముందు జరిగే భాగవత మేళను గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. త్యాగరాజుకు పెద్ద సమకాలికుడైన వెంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రం, ఉషాపరిణయం, హరిశ్చంద్ర మొదలైన తెలుగు నాటకాలే అక్కడ ఆడతారు. చూసేది తమిళ గ్రామం. నటులలో చాలామంది ఇంటి భాష ఇప్పుడు తమిళం. కోణంగి ముందుగా వచ్చి నవ్విస్తాడు. గణపతి ముఖం పెట్టుకుని ఒక చిన్న పిల్లవాడు ప్రవేశిస్తాడు. రాత్రి మొదలైన నాటకం తెల్లవారేదాకా సాగుతుంది.

భాషాశాస్త్ర విద్యార్థిగా మమ్మల్ని ఆకర్షించేది అక్కడి అభ్యాస పద్ధతి. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరం. త, థ, ద, ధల సంగతీ అంతే. తెలుగు చదవటం రాని పిల్లవాడు తమిళ లిపిలో రాసుకున్న తెలుగు దరువును చూస్తే అందులో 'భక్తి'కీ 'పక్తి'కీ తేడా కనిపించదు. గ్రంథాక్షరాలు తెలిసిన పెద్దలు వాటిని వాడుకున్నారు. తెలియనివారికి ఆ తేడా గురువు నోటి నుంచి రావలసిందే. కాగితం చెప్పలేని దానిని చెవి పట్టుకోవాలి, నాలుక తిరగాలి. పక్కవాడు తప్పు పలికితే మేళమంతా ఆగాలి. తనది కాని భాష నోటికి పట్టే వరకు, దాని అర్థం ముఖంలోకి వచ్చే వరకు నెలల తరబడి సాగే ఆ శ్రమలో పరభాష పట్ల మర్యాద ఏర్పడుతుంది. ఆ మర్యాదను ఉపన్యాసంతో నేర్పటం సాధ్యం కాదు.

ప్రహ్లాద కథను కూడా ఈ దృష్టితో చూడవచ్చు. అది ఒక బడి కథ. చండామార్కులు చెప్పిన పాఠాన్ని ఒప్పుకోని విద్యార్థి, తండ్రి మతాన్ని కాదన్న కొడుకు అందులో నాయకుడు. భేదం పరదేశంలో లేదు, ఒకే ఇంట్లో ఉన్నది. భిన్నంగా ఆలోచించే పిల్లవాణ్ణి ఇల్లూ బడీ ఏమి చేస్తాయన్నది 12 ఏళ్ళ పిల్లలకు వెంటనే అందే ప్రశ్న. ఈ కథే తమిళంలో హిరణ్య నాటకంగా, ఒడిశా గంజాం ప్రాంతంలో మెట్ల వేదిక మీద ఆడే ఒడియా 'ప్రహ్లాద నాటకం'గా ఉన్నది. ఒడియా నాటకానికి కర్తగా ప్రసిద్ధుడైన రాజు ఏలిన జలంతర సీమ నేటి శ్రీకాకుళం జిల్లాలోనిది. తెలుగు ప్రహ్లాదుడు తమిళ నేల మీద, ఒడియా ప్రహ్లాదుడు తెలుగు నేల మీద పుట్టారన్న మాట. ఒకే సన్నివేశాన్ని మూడు భాషలలో పక్కపక్కనే ఆడించగలిగితే బరంపురం బడిలోనో, హోసూరు బడిలోనో పిల్లలకు ఇంతకన్న మంచి పాఠం మేము ఊహించలేము.

కాని మెలట్టూరు మేళ ఒక ఆరాధన. నరసింహుని ముఖానికి అక్కడ పూజ జరుగుతుంది. దానిని 'వైవిధ్య బోధన' అనటం ఆ ఊరివారికి న్యాయం చేయదు. దానిని ఉన్నది ఉన్నట్లుగా బడిలోకి తేవటం ఇతర మతాల పిల్లలకూ న్యాయం కాదు. మెలట్టూరు సంప్రదాయంలో అన్ని పాత్రలూ మగవారివే, అవీ ఒకే వర్ణం వారివి. అక్కడి నుంచి తీసుకోదగినది అభ్యాస క్రమం. ఎవరికి ప్రవేశం ఉన్నదన్న నియమాన్ని కూడా తీసుకుంటే బోధించదలచిన దానికే విరుద్ధమవుతుంది.

ఎరుకలసాని ఎవరు?

కురవంజిని మెచ్చుకున్న మాట పైన రాశాము. దాని రెండవ వైపు కూడా చూడాలి. మద్రాసు రాష్ట్రంలో కొరవలు, ఎరుకలు సోది చెప్పుకుంటూ, ఉప్పు మోస్తూ, బుట్టలల్లుతూ బతికిన జనం. కురవంజిలో ఎరుకలసాని అందగత్తె, చతుర, నాయిక చేయి చూసి భవిష్యత్తు చెప్పే నేర్పరి. ఆ పాత్రను ఆస్థాన నర్తకులు ఆడారు, తర్వాత పెద్ద సభలలో భరతనాట్య కళాకారులు ఆడారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించాక నిజమైన ఎరుకలవారు పుట్టుకతోనే నేరస్థులుగా నమోదయ్యారు. స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు ఆ చట్టం ఫలితమే. 1952లో చట్టం రద్దయింది గాని ఆ ముద్ర చాలాకాలం పోలేదు. వేదిక మీది ఎరుకలసానిని చూసి చప్పట్లు కొట్టిన సమాజమే ఊరి బయటి ఎరుకలసానిని ఠాణాలో హాజరు వేయించుకోమన్నది.

ఈ ఉదాహరణ నేటి వేదికకు నేరుగా తగులుతుంది. పిల్లలకు ఈకలు చెక్కి, ముఖాన గీతలు గీసి 'గిరిజన నృత్యం' చేయించే పాఠశాలలున్నాయి. ఆ ఈకలు ఏ తెగవి? ఆ పాట ఏ భాష? గోండులదా, కోయలదా, సవరలదా? చెప్పగలిగినవారు వేదిక మీద ఉండరు. లంబాడీ దుస్తులకు అద్దాలు కుట్టించటానికి ఖర్చు పెట్టిన బడి, తన తరగతిలోని లంబాడీ పిల్లను ఆ పాట అర్థం అడగదు. ఇతరుల వేషం వేయటం నటనలో సహజం, అది లేకపోతే నాటకమే లేదు. ఆ ఇతరులకు మాట్లాడే చోటు ఇవ్వకుండా వారి వేషం మాత్రం తీసుకోవటంలో తప్పున్నది. చూసిన పిల్లలకు మిగిలేది ఒక బొమ్మ మాత్రమే. ఆ బొమ్మతో పోలిక కుదరని అసలు మనిషి ఎదురైనప్పుడు వారు ఆ మనిషినే తక్కువగా చూస్తారు.

వాదించే వేదిక

తెలుగు సంప్రదాయంలో భేదాన్ని అలంకారంగా కాక వాదంగా పెట్టిన రచనలున్నాయి. భాగవతుల రామయ్య 'గొల్లకలాపం' అందులో ముఖ్యమైనది. చల్లలమ్మే గొల్లభామ బ్రాహ్మణుణ్ణి నిలదీస్తుంది. పిండోత్పత్తి క్రమం చెబుతుంది, యజ్ఞం అర్థం అడుగుతుంది, పుట్టుకతో వచ్చే ఆధిక్యం ఎక్కడిదని ప్రశ్నిస్తుంది. శాస్త్రం ఆమె నోట పలుకుతుంది. నవ్వు, శృంగారం ఉన్నా కలాపానికి వెన్నెముక వాదమే.

కాని గొల్లభామ వేషం కట్టింది కూచిపూడి బ్రాహ్మణ పురుషుడు. గొల్లవారి మాట గొల్లవారి నోట రాలేదు. దీని పక్కన తెలంగాణ చిందు కళాకారుల 'జాంబపురాణం' పెట్టి చూడాలి. అక్కడ జాంబవుడు బ్రాహ్మణునితో వాదిస్తాడు. భూమి పుట్టకముందే తన కులం పుట్టిందంటాడు. ఈసారి బ్రాహ్మణ వేషం కట్టేది చిందువారే. కూచిపూడిలో స్త్రీ పాత్రలు పురుషులు ధరిస్తున్న కాలంలోనే చిందు మేళాలలో స్త్రీలు వేషం కట్టారు. 2005లో మరణించిన చిందు ఎల్లమ్మ ఆ మేళాలకు పేరు తెచ్చిన నటి. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది.

ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు వైపుల నుంచి వచ్చిన జవాబులు. విడిగా చూస్తే రెండింటిలోనూ ఎదుటి పక్షం కొంత బొమ్మగానే ఉంటుంది. జతగా చూస్తే ఎవరు ఎవరి నోట మాట్లాడిస్తున్నారన్నది తెలుస్తుంది. ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు ఈ జత పాఠ్యాంశం కావాలి. గొల్లకలాపాన్ని నృత్య విభాగానికి, జాంబపురాణాన్ని జానపద విభాగానికి పంచిపెట్టి రెండింటినీ కలవనీయకపోవటం మన విశ్వవిద్యాలయాల అలవాటు. కులాన్ని గురించి యువకులతో మాట్లాడటానికి ఇంతకన్న సూటి దారి లేకపోగా, ఉన్న దారిని మనమే రెండుగా చీల్చుకున్నాము.

వాదం లేకుండా కలయికను చూపిన కథలూ ఉన్నాయి. పల్నాటి వీరుల కథలో బ్రహ్మనాయుని చాపకూడు అటువంటిది. ఆ పల్నాటి కథను 20వ శతాబ్దంలో తెలుగు పల్లెలకు వినిపించిన బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ (1920–1997). ఆయన ఏ మతం వాడన్న ప్రశ్న వినేవారికి అడ్డు రాలేదు. కళ ఎవరిదన్న ప్రశ్నకు ఇంతకన్న మంచి సమాధానం అక్కరలేదు.

యాస మీద నవ్వు

భాషాశాస్త్రం చదివిన వారముగా ఒక విషయం నొక్కి చెప్పాలి. నాటకం భిన్నత్వాన్ని బోధించినంత సులభంగా భిన్నత్వాన్ని అవమానించటమూ నేర్పుతుంది. దానికి దగ్గరి దారి యాస. నాయకునికి పుస్తక భాష, పనివానికీ దొంగకూ ఒక ప్రాంతపు యాస పెట్టటం తెలుగు సినిమా చాలాకాలం చేసిన పని. తెలంగాణ మాట అలాగే నవ్వులపాలయింది. పాఠశాల నాటికలలో ఇప్పుడు అరవ యాస తెలుగు మాట్లాడే పాత్ర, హిందీ కలిపి మాట్లాడే ముస్లిం పాత్ర నవ్వుకోసమే వస్తున్నాయి. హోసూరు, కృష్ణగిరి పిల్లల ఇంటి తెలుగు నిజంగా అలాగే ఉంటుంది. తమ అమ్మమ్మ మాటను చూసి సభ నవ్వినప్పుడు ఆ పిల్లలు నేర్చుకునేది ఒక్కటే, ఇంటి తెలుగును నలుగురిలో మాట్లాడకూడదని. తమిళనాడులో 2006 చట్టం తర్వాత తమిళం నిర్బంధ పాఠ్యభాషగా మారి, దశలవారీగా 2015–16 నాటికి 10వ తరగతి వరకు చేరింది. బడిలో తెలుగుకు చోటు కుదించుకుపోతున్న ఆ స్థితిలో ఇంటి తెలుగును మనవారే వెక్కిరించటం భరించలేని నష్టం.

గురజాడ 'కన్యాశుల్కం' దీనికి సరైన మాదిరి. 1892లో మొదట ప్రదర్శితమై, 1909లో పెంచిన రూపంలో వచ్చిన ఆ నాటకంలో అందరూ మాట్లాడేది వాడుక భాషే. ఎవరి పలుకు వారిదే. గిరీశం మీద వచ్చే నవ్వు అతని బుద్ధి మీద వస్తుంది, ప్రాంతం మీద కాదు. పిల్లల నాటకం రాసేవారు తమ రచనను దీనితో సరిచూసుకోవచ్చు. పాత్ర యాస మార్చినా నవ్వు నిలుస్తుందా? నిలవకపోతే ఆ నవ్వును తీసివేయాలి.

అభ్యాసమే పాఠం

ఇప్పటివరకు చెప్పిన దానినిబట్టి మాకు తోచే నిర్ణయం ఇది. భిన్నత్వ బోధన ప్రదర్శనలో కన్న అభ్యాసంలో ఎక్కువగా జరుగుతుంది. ద్వేషభావాన్ని గురించి 1954లో గ్రంథం రాసిన అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్, భిన్న సమూహాల మధ్య సంపర్కం మేలు చేయాలంటే నాలుగు షరతులు ఉండాలన్నాడు. సమాన స్థాయి, ఉమ్మడి లక్ష్యం, సహకారం, పెద్దల అండ. నాటక మేళం ఈ నాలుగింటికీ అనువైన చోటు. ఒకరి దరువు తప్పితే అందరి ఆట చెడుతుంది కాబట్టి లక్ష్యం, సహకారం వాటంతట అవే వస్తాయి. సమాన స్థాయి మాత్రం తనంత తాను రాదు. ఎవరికి కృష్ణుని వేషం, ఎవరికి తెర పట్టే పని అన్న చోట అది నిలుస్తుంది లేదా పడిపోతుంది. తెల్లగా ఉన్న పిల్లకు సీత, నల్లగా ఉన్న పిల్లకు శూర్పణఖ వేషం ఇచ్చే ఉపాధ్యాయుడు ఆ ఒక్క నిర్ణయంతో మిగిలిన పాఠమంతా రద్దు చేస్తాడు.

బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ (1931–2009) ప్రేక్షకుణ్ణి వేదిక మీదికి పిలిచి కథను మార్చమన్నాడు. పశ్చిమ బెంగాల్‌లో 1985లో ఏర్పడిన జనసంస్కృతి సంస్థ ఆ పద్ధతిని గ్రామాలలో నడుపుతున్నది. తరగతి గదికి కూడా అది బాగా నప్పుతుంది. 'మంచినీళ్ళ కుండ దగ్గర ఒక పిల్లను వెనక్కి నెట్టారు, నువ్వు అక్కడ ఉంటే ఏమి చేస్తావు?' అన్న సన్నివేశానికి వేషం, దీపాలు, రికార్డు పాట అక్కరలేదు. జవాబు చెప్పటానికి లేచిన పిల్ల మాత్రం ఆ రోజును మరచిపోదు. అయితే నిజంగా వెనక్కి నెట్టబడిన పిల్ల అదే గదిలో ఉండవచ్చు. ఆమె చేతనే ఆ పాత్ర వేయించటం గాయాన్ని మళ్ళీ రేపటమే. ఉపాధ్యాయునికి ఈ మెలకువ లేనినాడు ఈ పద్ధతిని ముట్టుకోకపోవటం మేలు.

మన ప్రాంతాల ఉపాధ్యాయుల ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాము. ఒకటి, ఏడాదికి పది నృత్యాల బదులు ఒక్క నాటకం ఎంచుకోవాలి, దానికి ఒక పూర్తి అభ్యాస కాలం ఇవ్వాలి. రెండు, తరగతిలో ఉన్న భాషలన్నీ ఆ నాటకంలో పలకాలి. అనువాదం చేసి చదివించకుండా, ఒకరి భాషను మరొకరు నేర్చుకుని పలికేటట్లు పాత్రలు పంచాలి. తెలుగు పిల్ల తమిళ పాత్ర, తమిళ పిల్ల తెలుగు పాత్ర వేస్తే మెలట్టూరు పద్ధతి బడిలోకి వచ్చినట్లే. మూడు, ఏ జనం కళను తీసుకుంటున్నామో ఆ జనానికి చెందిన కళాకారుణ్ణి పిలిపించి, తగిన పారితోషికం ఇచ్చి, గురుస్థానంలో కూర్చోబెట్టాలి. చిందు కళాకారుని ఎదుట చాప మీద కూర్చుని అడుగులు నేర్చుకున్న పిల్లకు కులం గురించి మరొక ఉపన్యాసం అవసరం ఉండదు.

ఇందులో ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ. కలెక్టరుగారిని పిలిచి ఫొటో తీయించుకోవటానికి రంగుల వరుస అంత బాగా పనికిరాదు. ఐదు భాషలు ఒక చిన్న రాజ్యపు వేదిక మీద నిలిచాయంటే, అవి ముందు ఆ ఊరి వీధుల్లో ఒకదాని పక్కన ఒకటి బతికినందువల్లనే. మన బడులలో కూడా ఆ భాషలు ఉన్నాయి. వాటిని మాట్లాడే పిల్లలూ ఉన్నారు. వారి నోటికి మాట ఇవ్వటమే మిగిలి ఉన్న పని.